మెట్ల హోటలా, అద్దాల హోటలా

చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. మేమిద్దరం ఇక్కడ బాగానే తిని, బాగానే తిరుగుతున్నాం. నువ్వూ బావగారూ అక్కడ అలాగే ఉన్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరమూ, దాంతోపాటు కొరియర్‌లో పంపిన హోటళ్ళ బొమ్మల కాగితాలూ అందాయి. కాగితాలు బల్ల మీద పరిచి ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను. మీ వదిన వాటిని జరిపి కంచాలు పెడుతుంది, తిన్నాక నేను మళ్ళీ పరుస్తాను.

హోటల్ చూస్తున్నావా, పెళ్ళి సంబంధం చూస్తున్నావా అని అడిగావు. న్యాయమైన ప్రశ్నే. సంబంధమైతే ఈపాటికి అవతలివాళ్ళే వద్దనేవాళ్ళు, గొడవ వదిలేది. మొదట అద్దాల హోటల్ అన్నాను. నువ్వు ఏజెంటుతో చెప్పేలోపు ఫోన్ చేసి మెట్ల హోటల్ అన్నాను. ఆ తర్వాత పార్కు పక్కది అన్నాను. మళ్ళీ అద్దాలదే నయమన్నాను, మర్నాడు అదీ వద్దన్నాను. నా నంబరు కనిపిస్తే ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదని రాశావు. అతన్ని తప్పుపట్టను, నేనైనా ఎత్తను.

అసలు ఈ మెలిక పెట్టింది నువ్వే. నలుగురం మొదటిసారి దేశం దాటి వెళ్తున్నాం, టికెట్లూ వీసాలూ మేం చూస్తాం, హోటల్ మాత్రం నువ్వు చూడు, పెద్ద పెద్ద భవనాలన్నీ తిరిగేవాడివి కదా అన్నావు. లిఫ్టులు బాగుచేసేవాడికి హోటళ్ళు తెలుస్తాయని ఎలా అనుకున్నావో నాకు అర్థం కాదు. నాకు తెలిసింది డాబా మీద ఉండే మెషీన్ గది, అడుగున ఉండే గుంట. ఆ రెండింటి మధ్య పరుపులు మెత్తగా ఉన్నాయో లేవో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అడగలేదు.

నీ మిగతా ప్రశ్నలకు ముందు జవాబులు రాసేస్తాను. గదిలో టీ పెట్టుకునే కెటిల్ మూడు హోటళ్ళలోనూ ఉందని బావగారికి చెప్పు. కిటికీ తెరుచుకునేది మెట్ల హోటల్లో మాత్రమే. వదిన మోకాలు ఎలా ఉందన్నావు. అలాగే ఉంది. ఇన్నేళ్ళు కాలి మిషను తొక్కి బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మోకాలు, మందుబిళ్ళకు లొంగుతుందా? మెట్లు ఎక్కడం దిగడం బాగా తగ్గించమని డాక్టరు చెప్పాడు. మా ఇల్లు కిందే కాబట్టి అది పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

ప్రయాణానికని ఆవిడ నడక బూట్లు కొనుక్కుంది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, ఆ బూట్లతో వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నడిచి చూసుకుంటోంది. నవ్వితే నా మీద గరిటె లేచింది. పెళ్ళయిన కొత్తలో ఎక్కడికైనా వెళ్దామండీ అనేది. ఎక్కడికి అని అడిగితే, ఇక్కడ కాని చోటికి అనేది. ఇన్నేళ్ళూ అదే మాట. ఇప్పుడు నిజంగా వెళ్తున్నామని పక్కింటావిడకు రోజూ కొత్తగా చెబుతోంది. పక్కింటావిడ కూడా రోజూ కొత్తగా ఆశ్చర్యపోతోంది, మంచి మనిషి.

ఇక హోటళ్ళ విషయం. అద్దాల హోటల్ చూడ్డానికి దివ్యంగా ఉంది. అక్కడ రిసెప్షనే పై అంతస్తులో ఉందట. వీధిలో ఒక తలుపు, తలుపు వెనక లిఫ్టు, అంతే. మెట్లు ఎక్కడున్నాయో ఏ బొమ్మలోనూ కనపడలేదు. నిప్పు అంటుకుంటే దిగడానికి ఎక్కడో ఉండే ఉంటాయి, వచ్చినవాళ్ళకు మాత్రం చూపించరు. మెట్ల హోటల్ పాత భవనం. ఎర్ర తివాచీ, చెక్క పిడి, గుండ్రంగా తిరిగి వెళ్ళే మెట్లు. లిఫ్టు లేదు. పెట్టెలు వాళ్ళ మనుషులే మోస్తారు, మోకాళ్ళు మాత్రం మనవే మోసుకోవాలి. పార్కు పక్క హోటల్లో కింది అంతస్తు గదులున్నాయి గానీ మన తేదీల్లో ఖాళీ లేవు. అక్కడితో నా బుర్ర ఆగిపోయింది.

అద్దాల హోటల్ ఎందుకు వద్దంటే, తలగడలు మరీ ఎత్తుగా ఉన్నాయని చెప్పాను. స్నానాల తొట్టిలో జారుతామన్నాను. అద్దాల్లోంచి ఎండ పడుతుందన్నాను. ఎండ పడుతుందని సుఖమైన హోటల్ వదులుకున్నవాణ్ణి నిన్నే చూస్తున్నానని నువ్వు రాసిన వాక్యం మీ వదినకు చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. మిషను మీద నుంచి తలెత్తకుండా, మెట్లదే తీసుకుందాంలెండి, నా మోకాలు ఇప్పుడు నయమే అంది. డాక్టరు ఒకటి చెబుతాడు, ఈవిడ ఒకటి చెబుతుంది, ఎవర్ని నమ్మాలో తెలియలేదు. నమ్మితే నాకే సుఖం గనక నమ్ముదామనుకున్నాను. అదీ సిగ్గుగా ఉంది.

నీ ఆఖరి ప్రశ్న మిగిలింది. చిన్నప్పుడు నీకు పేరు పెట్టింది నేను, నాకు లౌడ్‌స్పీకర్ అని పెట్టింది నువ్వు. ఆ లౌడ్‌స్పీకర్ కొన్నాళ్ళుగా ఫోన్‌లో ఊఁ ఆఁ అంటోందేమిటి, ఒంట్లో బాగా లేదా అని అడిగావు. దానికి జవాబు ఫోన్‌లో చెప్పలేను. మధ్యలో నువ్వు నవ్వితే మిగతాది నోట్లోనే ఉండిపోతుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

చెల్లాయ్, నేను లిఫ్టు ఎక్కలేకపోతున్నాను.

నవ్వుకో. ఇప్పుడు నవ్వేసెయ్యి, నాకు వినపడదు. ఎండాకాలం మొదట్లో ఒక ఆఫీసు భవనంలో, సెలవు రోజున, మరమ్మతు అయ్యాక ఒక్కణ్ణే లోపల నిలబడి సరిచూస్తున్నాను. రెండంతస్తుల మధ్య కరెంటు పోయింది. తలుపు లాకు బిగుసుకుంది. గంట నొక్కితే మోగింది గానీ వినడానికి భవనంలో ఎవరూ లేరు. ఫోను పైన మెషీన్ గదిలో పెట్టి వచ్చాను. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు బయట నుంచి నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. భయపడకండి, ఇది పడదు, బ్రేకు పట్టుకునే ఉంది, గాలి వస్తూనే ఉంటుంది అని. ఎంతమందికి చెప్పానో. ఆ రోజు అదే మాట నాకు నేను చెప్పుకున్నాను. పైకే చెప్పుకున్నాను. నేను నమ్మలేదు. ఆ బ్రేకు బిగించింది నేనే, అయినా నమ్మలేదు. భోజనాల వేళ దాటాక వాచ్‌మన్ వచ్చి తీసేసరికి చొక్కా విప్పి నేల మీద కూర్చుని ఉన్నాను. ఉక్కపోతండీ అన్నాను. అతను నమ్మాడు.

అప్పట్నుంచి తలుపులు మూసుకుంటే చాలు, చేతులు చల్లబడిపోతున్నాయి. విచిత్రమేమిటంటే, లిఫ్టు పెట్టె నెత్తి మీద నిలబడి తాళ్ళకు నూనె పెడుతుంటే నాకేం భయం లేదు. జారితే ఎముక మిగలని చోటు అది. అక్కడ హాయిగా ఈల వేసుకుంటాను. ఏమీ కాని లోపలి చోటే నాకు పడదు. ఇదెక్కడి భయమో, దీనికి బుద్ధి ఉందో లేదో నాకే తెలియడం లేదు. విమానం సంగతేమిటని అడుగుతావు. ఏమో. దానికి కిటికీ ఉంటుంది కదా అని సరిపెట్టుకుంటున్నాను.

పనిలో ఎవరికీ చెప్పలేదు. సామాన్ల సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్తున్నాను. ఆఖర్న లోపల నిలబడి చూడాల్సి వచ్చినప్పుడు వాచ్‌మన్‌ను ఎక్కమంటున్నాను. బాగుచేసింది మీరు, ఎక్కి చూసేది నేనా సార్ అన్నాడొకడు. నవ్వేసి ఊరుకున్నాను. ఇది సూపర్‌వైజర్ చెవిన పడితే నా ఉద్యోగం ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ పోయిన వారం ఒకటి జరిగింది, అది రాయకపోతే ఇదంతా సగమే.

బజారులో బట్టల కొట్టు ఉన్న భవనం నా సర్వీసు కిందే ఉంది. మెషీన్ గదిలో పని ముగించుకుని మెట్లు దిగి వస్తున్నాను. నాలుగో అంతస్తు దగ్గర ఎవరో ఆడమనిషి మెట్టు మీద కూర్చుని గోడకు చేరగిలబడి ఉంది. ముందు బూట్లు కనిపించాయి. కొత్త బూట్లు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాను.

"మీరేంటి మెట్ల మీద?" అంది మీ వదిన.

ముందు ఆవిడే చెప్పింది.

"మీ చెల్లెలికి మెట్ల హోటలే ఖాయమని రాసెయ్యండి. రోజూ వచ్చి కొంచెం కొంచెం ఎక్కుతున్నా. అలవాటవుతోంది."

"డాక్టరు వద్దన్నాడు కదా. ఎందుకొచ్చిన పని?"

"మీరు లిఫ్టు ఎక్కట్లేదు కదా."

సంచీ మెట్టు మీద దించి, ఎలా తెలుసని అడిగాను.

"మీ చొక్కాలు ఉతికేది ఎవరండీ? ఇన్నేళ్ళూ గ్రీజు మరకలతో చచ్చేదాన్ని. ఇప్పుడు వీపంతా చెమట చారలు. ఆ రోజు డాక్టరు దగ్గర నన్ను లిఫ్టులో పంపి, ఫోనొచ్చిందని మీరు వెనక్కి తగ్గారు. పైకొచ్చాక రొప్పుతున్నారు. ఫోన్ మాట్లాడితే ఎవరైనా రొప్పుతారా?"

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశా. చెప్పలేదు. మనిషి సిగ్గుపడుతుంటే గుచ్చి అడగడమెందుకని."

లేవబోయింది. లేవలేకపోయింది. ఎక్కడం ఎలాగో ఎక్కింది గానీ దిగడానికి మోకాలు ఒప్పుకోవడం లేదు. కాలు చాపితే చాలు, పళ్ళు బిగిస్తోంది. ఎత్తుకుందామంటే నా నడుము సంగతి నీకు తెలుసు. "మీరు ఇలాగే మెట్ల మీద రండి, నేను కూర్చుని ఒక్కో మెట్టూ దిగుతాను" అంది. రెండు మెట్లు అలా దిగింది కూడా. కొత్త బూట్లు, మంచి చీర, దుమ్ములో జరుగుతూ. ఇక చాలు అన్నాను.

భుజం పట్టించి పైకి నాలుగో అంతస్తుకే తీసుకెళ్ళాను. బటన్ నొక్కాను. లిఫ్టు వచ్చింది. చప్పుడు లేకుండా తెరుచుకుంది, పొద్దున నేనే నూనె వేశాను. "వద్దు లెండి, వాచ్‌మన్‌ను పిలవండి" అని చొక్కా పట్టుకుంది. నేను లోపలికి నడిచాను. తలుపులు మూసుకున్నాయి. ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. చేతులు ఎప్పటిలాగే చల్లబడ్డాయి, చెవులు మూసుకుపోయాయి. మీ వదిన మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఎవరో ఆవిడ కాలరు వెడల్పయిందని మూడుసార్లు విప్పించి కుట్టించిందట, ఆఖరికి మొదటిదే బాగుందందట, ఇలాంటివాళ్ళను ఏం చేయాలో మీరే చెప్పండి అంటోంది. ఏం చేయాలో ఆలోచిస్తుండగానే తలుపులు తెరుచుకున్నాయి. కింద వాచ్‌మన్ నన్ను చూసి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

ఇక భయం పోయిందనుకుంటున్నావేమో. నేనూ అనుకున్నాను. మర్నాడు ధీమాగా ఒక్కణ్ణే ఎక్కాను. తలుపులు సగం మూసుకోకముందే కాలు అడ్డం పెట్టి బయటపడ్డాను. అంటే మీ వదిన మాట్లాడుతుంటే ఎక్కగలను, లేకపోతే లేదు. ఇలాంటి మనిషికి సుఖమైన హోటల్ ఏదో ఆ ఏజెంటును అడిగితే ఏమంటాడో తెలియదు.

ఇప్పుడు ఇంట్లో పోట్లాట. నేను అద్దాలదంటాను, ఆవిడ మెట్లదంటుంది. ఎవరికి ఏది కష్టమో వాళ్ళు దాన్నే పట్టుకుని కూర్చున్నాం. ఇంకెవరైనా వింటే మాకిద్దరికీ మతిపోయిందనుకుంటారు. నాకూ ఒక్కోసారి అదే అనుమానం. చివరికి ఒక మాట నాకు తేలింది. ఆవిడ మోకాలు అరిగిపోయిన మోకాలు, అది మాటలకు లొంగదు. నా భయం కాస్త లొంగుతుంది. అందుకని అద్దాల హోటలే ఖాయం చెయ్యి. ఈసారి మార్చను. మార్చమని ఫోన్ చేసినా ఎత్తవద్దని ఏజెంటుకు చెప్పు, ఎలాగూ ఎత్తడం లేదు. సోమవారం సూపర్‌వైజర్‌తో కూడా ఉన్న సంగతి చెప్పేస్తాను. ఏమంటాడో చూడాలి. గుండె దడగానే ఉంది, అయినా చెబుతాను.

నీతో ఒక్క పని ఉంది. మన పాత ఇంట్లో పొద్దుగూకాక పెరట్లోకి వెళ్ళాలంటే నీకు చచ్చేంత భయం. నువ్వు చీకట్లోకి వెళ్ళి వచ్చేదాకా నేను గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి వాగుతూ ఉండాలి. ఒక్క క్షణం ఆపితే, అన్నయ్యా ఉన్నావా అని అక్కణ్ణుంచి కేకేసేదానివి. ఉన్నానే అనేవాణ్ణి. లౌడ్‌స్పీకర్ పేరు అప్పుడే వచ్చింది నాకు. ఆ ఊళ్ళో మనం నలుగురం లిఫ్టు ఎక్కుతాం కదా. మీ వదిన అలసిపోయి ఎప్పుడైనా ఊరుకుందనుకో, నువ్వు అందుకో. ఏదైనా ఫరవాలేదు, తలుపులు తెరుచుకునేదాకా మాట్లాడుతూనే ఉండు.

ఇట్లు,
ఈసారి చీకట్లోకి నడవాల్సిన
మీ అన్నయ్య