సుమ్మాదేవి బూత్‌లో ఒక్క ఓటు

మందస మండలంలో కాపురముంటున్న, కీర్తిశేషులు తామాడ జగన్నాథరావు గారి కుమారుడు తామాడ సన్యాసయ్య అనే నేను, డెబ్బై మూడో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. ఒకే పార్టీ గెలిచే నియోజకవర్గంలో దాని మీద ఏడుసార్లు నిలబడి ఏడుసార్లూ ఓడినవాణ్ణి. నా మతి మీద అనుమానమున్నవాళ్లు ఆ నామినేషన్ల నాడే అడ్డుపడాల్సింది.

1. నా ఇల్లు నా భార్య గౌరీశ్వరి జీవితాంతం అనుభవించి, తర్వాత మా ఏకైక కుమార్తె హిమజకు చెందాలి. గౌరీశ్వరి ఏడు ఎన్నికల్లోనూ కార్యకర్తలకు వండిపెట్టింది. తన ఓటు ఎవరికేసిందో నేనడగలేదు, తను చెప్పలేదు. కాపురం సజావుగా సాగింది.

2. ఎకరా అరవై సెంట్ల జీడితోట హిమజకు సర్వహక్కులతో చెందాలి. నాలుగో క్లాజులోని షరతుకు మాత్రం కట్టుబడాలి.

3. నా మైకు సెట్టు మా చెల్లెలి భర్త, అవతలి పార్టీ నాయకుడు జనార్దనరావు బావకు. పలాసలో నా మీటింగు మధ్యలో వైరు కోయించింది ఆయనేనని నాకు తెలుసు. కోసిన చోట వేసిన ముడి అలాగే ఉంది, చూసుకోవచ్చు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే. నలభై ఏళ్లుగా నా మాటల్లో తప్పులు వెతికిన మనిషి, ఒక్క అక్షరం కూడా దాటనివ్వడు.

4. ఓటింగు మిషన్లు వచ్చాకే ఏ బూత్‌లో ఎన్ని ఓట్లొచ్చాయో తెలియడం మొదలైంది. సుమ్మాదేవి బూత్‌లో వరసగా నాలుగుసార్లు నాకు ఒకే ఒక్క ఓటు. ఆ ఊళ్లో నాకు చుట్టాల్లేరు, కార్యకర్తల్లేరు. ఎవరై ఉంటారా అని ఇరవై ఏళ్లు ఆలోచించాను. కిందటిసారి సున్నా వచ్చింది. ఓడిపోయినందుకు కాదు గానీ ఆ సున్నాకు నాకు నిద్రపట్టలేదు.

మనసు మార్చుకున్నారా, మనిషే లేరా? తేల్చుకుందామని పాసింజరు బండెక్కి సుమ్మాదేవిలో దిగాను. ఆ ఏడాది ఓట్లకు ముందు మూడిళ్లలో మనుషులు పోయారు. పరామర్శకు వెళ్లాను. చావింటి నుంచి కదిలేటప్పుడు వస్తానని చెప్పకూడదు. నలభై ఏళ్లు ఓట్లడిగిన నోరు కదా, చేతులు జోడించి "మళ్లీ వస్తాను" అనేశాను. మొదటి ఇంట్లో మొహాలు మాడ్చుకున్నారు. సిగ్గుపడ్డాను. రెండో ఇంట్లోనూ అదే పొరపాటు చేశాను, ఒక ముసలాయన కర్ర ఎత్తాడు.

మూడోది పైడితల్లి అనే ఆవిడ ఇల్లు. అక్కడా నోరు జారింది. కోడలు ఉమామహేశ్వరి నవ్వేసి, కళ్లు తుడుచుకుంది. "రండి బాబూ. మా అత్తా అదే అనీది. ఆ బాబు మల్లీ వత్తాడు, నానొకర్తినైనా ఉండాల గదా అని" అంది.

అంతకుమించి అడగలేదు. ఎందుకేసిందో తెలియదు. ఆవిడ ముఖం ఎంత ప్రయత్నించినా గుర్తు రావడంలేదు. నా రాజకీయ జీవితంలో నేను చేసిన తప్పు ఏదన్నా ఉంటే అదే.

షరతు ఇది: తోటలో బావి పక్కనున్న ఆరు కొబ్బరిచెట్ల కాపు ఉమామహేశ్వరి ఉన్నంతకాలం ఆమెది. కాయలు హిమజే స్వయంగా పట్టుకెళ్లి ఇవ్వాలి, కాసేపు కూర్చోవాలి, పైడితల్లి ఎలాంటి మనిషో అడిగి తెలుసుకోవాలి.

5. నా తెల్లచొక్కాలు, నియోజకవర్గం ఓటర్ల జాబితాలు హిమజకు. సున్నా వచ్చిననాడు "నాన్నా, ఇంక సాలు" అన్నది తనే. ఆ మాట నిజమే కావచ్చు. నిలబడమని నేను శాసించడం లేదు. నిలబడితే మాత్రం, లెక్కింపు రోజు సుమ్మాదేవి బూత్ అంకె తెలియగానే ఇంటికొచ్చి నా ఫొటో ముందు పైకి చదవాలి. సున్నా అయితే సున్నా అనే చదవాలి. ఒకటి అయితే, అది ఎవరిదో వెతకడానికి ఇరవై ఏళ్లు ఆగొద్దు. మర్నాడే బండెక్కాలి.

తేదీ: 9 నవంబరు 2025, మందస.

(సంతకం) తామాడ సన్యాసయ్య

సాక్షులు: 1. జగదీష్, నందిగాం. 2. చిరంజీవి, సోంపేట.