రంపపు చేప మిగతా సగం

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో వ్యవసాయం చేసుకుని బతుకుతున్న షేక్ మొయినుద్దీన్ అనే నేను, తండ్రి మర్హూం (కీ.శే.) ఖాజామియా, వయసు అరవై మూడు, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. దవాఖానలో డాక్టరు అదే రాసిచ్చాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఏడుపు రావడం లేదని చెప్తే, అది వేరే సంగతి అన్నాడు.

1. ఇల్లు, పొలం షరియత్ ప్రకారం నా భార్య జహీరా బేగం, కూతురు అమ్రీన్, తమ్ముడు యూసుఫ్ పంచుకోవాలి. యూసుఫ్‌కు వాటా ఇస్తున్నది షరియత్, నేను కాదు. నా కొడుకు జనాజా దగ్గర నిలబడి "రాయి కోసం సచ్చిండు పిచ్చోడు" అన్నాడు. ఆ మాట మాఫ్ చేయలేదు.

2. పొలంలో బావి తవ్వుతుంటే నా కొడుకు సోహైల్‌కు ఒక రాయి దొరికింది. పొడవాటి పలక, రెండు అంచులకూ పళ్లు. యూనివర్సిటీ నుంచి వచ్చినాయన చూసి, డైనోసార్ల కాలంలో బతికి అంతరించిపోయిన పెద్ద రంపపు చేప మూతి ఇది, మిగతా సగం లోపలే ఉండొచ్చు, మేము వచ్చేదాకా ఆగండి అన్నాడు. సోహైల్ ఆగలేదు. "జర చూసొస్త అబ్బా" అని దిగాడు. గట్టు కూలింది.

ఆ రాయి అమ్రీన్‌కు చెందుతుంది. జహీరా దాన్ని గోదావరిలో పారేయమంది. అమ్రీన్ దుపట్టాలో చుట్టి మంచం కింద పెట్టుకుంది. "పన్నుపన్నుకు బ్రష్ పెట్టి కడిగిండు అన్న. ఎట్ల పారేస్తం అమ్మీ?" అంది. మ్యూజియానికి ఇచ్చుకోవచ్చు. ఇస్తే దాని పక్కన సోహైల్ పేరు ఉండాలి.

3. ఆ బావి పూడ్పించాను. మిగతా సగం అక్కడ ఉంటే ఉండనీ. వారసులెవరూ అక్కడ తవ్వకూడదు. యూసుఫ్, బోరు కూడా వద్దు.

4. సోహైల్ మోటార్ సైకిల్ నరేశ్‌కు ఇవ్వాలి. దాన్ని రోజూ తుడుస్తున్నాను, ఎందుకో తెలియదు. నరేశ్ కొత్తగూడ నుంచి బావి పనికి వచ్చినవాడు, బీక్యా కొడుకు. ఆ రోజు పైన తాడు పట్టుకున్నది అతనే. గోళ్లు ఊడేదాకా మట్టి తీసి నా కొడుకును బయటికి తెచ్చాడు. తర్వాత మా గడప తొక్కలేదు. జహీరా ఫోన్ చేస్తే "మీ మొఖం ఎట్ల జూడాలె అవ్వా" అని పెట్టేశాడు. అతన్ని మేము ఏనాడూ తప్పుపట్టలేదు.

5. వీలునామా అమలు బాధ్యత నా మిత్రుడు చంద్రమోహన్‌ది. నేను పోయిన రోజు నరేశ్‌కు కబురు పంపి, అతను వచ్చేదాకా ఆగాలి. నా మీద మొదటి పిడికెడు మట్టి అతనే వేయాలి.

మహదేవపూర్, 2024 నవంబరు 18.

(సంతకం) షేక్ మొయినుద్దీన్

సాక్షులు:
మైసమ్మ, పక్కింటావిడ (వేలిముద్ర)
రిత్విక్, మెడికల్ షాపు (సంతకం)