ఆది జాకెట్టు

ఉయ్యూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. బెల్టు మార్చాక నా మిషను కూడా బుద్ధిగా నడుస్తోంది. నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. గంట ప్రయాణంలో ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. జాకెట్ల సంచిలో చీటీలు పెట్టుకోవడం మనకి అలవాటేగా, ఈసారి చీటీ పొడుగైందనుకో. ఫోన్లో అయితే నువ్వు "సర్లే అమ్మా" అంటావు, నేను బతుకుజీవుడా అని పెట్టేస్తాను.

క్రషింగ్ మొదలైంది, రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లే. రిటైరైనా సరే, తను లేకపోతే ఫ్యాక్టరీ ఆగిపోతుందన్నట్టు నాన్న రోజూ వెళ్లి చూసొస్తున్నారు. బీపీ మాత్రల సంగతి అడిగావు. దగ్గరుండి మింగిస్తున్నాను.

ఇక నీ అసలు ప్రశ్న. "తీసేసిన చోట మళ్లీ రొమ్ము కట్టించుకుందామనుకుంటున్నాను, వచ్చే నెల ఆపరేషను. నీకు కోపమా అమ్మా?" అని రాశావు. చదివి సిగ్గుతో చచ్చిపోయాను. నీ ఒంటికి నువ్వు చేయించుకునేదానికి నా కోపం గురించి బెంగపడుతున్నావంటే, ఆ పాపం నాదే.

మూడేళ్ల కిందట క్యాన్సరని తేలినప్పుడు డాక్టరు గారు నిన్నే అడిగారు. "రొమ్ము తీసేశాక, కొత్తది కట్టే ఆపరేషను కూడా అప్పుడే చేయొచ్చమ్మా. ఏమంటావు?" నువ్వు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఎందుకండీ లేనిపోని కోత? నేను టైలర్నండీ. జాకెట్టులో సర్దేస్తాను, పక్కన కూర్చున్నోళ్లక్కూడా తెలీదు." ఆవిడ నీ వంక చూశారు. నువ్వు నా వంక చూశావు. నీ ముఖంలో ఉన్నదేమిటో నాకు అర్థమైంది చిన్నీ. అర్థం కానట్టు లేచి ఫైలు సర్దాను.

అన్నమాట నిలబెట్టుకున్నాను, అదొక గర్వం. మెత్తటి దూది, పైన మల్లు గుడ్డ, బరువు సరిపోవడానికి లోపల చిన్న ఆవాల మూట. నీ ఆడపడుచు పెళ్లిలో మంగళగిరి చీర కట్టుకుని నువ్వు తిరుగుతుంటే, నేను నిన్ను కాదు, నా కుట్టుని చూసుకుని మురిశాను. ఇప్పుడేమో రేడియేషన్ పడిన చర్మం గనుక వీపు కండ తెచ్చి వేయాలంటున్నారని రాశావు. ఆ రోజు నిన్ను మాట్లాడనిస్తే ఇంత కోత తప్పేదేమో. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

జాకెట్టు చంక కింద పట్టేస్తోందని ప్రతి చీటీలోనూ రాశావు. "లావెక్కావే" అని ఎగతాళి చేశాను. "ఒకసారి కొత్తగా కొలత తీసుకోవే అమ్మా" అన్నప్పుడల్లా "ఆది జాకెట్టు ఉందిగా" అన్నాను. మనిషి ఎదురుగా ఉండగా పాత ఆది జాకెట్టు పరిచి కత్తిరించే టైలరు ఎక్కడైనా ఉంటుందా? అది రోగం రాకముందు నీ ఒంటికి సరిపోయినది. కోత చంకదాకా వెళ్లిందనీ, ఆ చెయ్యి వాస్తుందనీ నాకు తెలియక కాదు.

చూడాలంటే నాకు భయం. ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇదే. ఆసుపత్రిలో కట్టు మార్చే వేళకి టీ తెస్తానని బయటికి వెళ్లిపోయేదాన్ని. ఇంటికొచ్చాక నీకు నీళ్లు పోసే పని కూడా అల్లుడుగారికే వదిలేశాను. కని, పాలిచ్చి పెంచినదాన్ని, నీ గాయాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. టేపు వేయాలంటే చూడాలిగా. అందుకే ఆ పాత జాకెట్టుని పట్టుకు వేళ్లాడాను. నువ్వు కనిపెట్టే ఉంటావు. కనిపెట్టి కూడా, నేను కుట్టినవన్నీ బిగుతుగానే వేసుకున్నావు.

ఈ సంచిలో ఆ ఆది జాకెట్టు తిప్పి పంపుతున్నాను. నువ్విచ్చిన నీలం జాకెట్టు ముక్కకి ఇంకా కత్తెర పెట్టలేదు. గురువారం టేపు పట్టుకుని రావాలనుంది. ఆపరేషను తర్వాత వేసుకునేదానికి కాదు, దానికి మళ్లీ వస్తాను. ఇప్పుడున్న ఒంటికే, దూది లేకుండా, చంక కింద నీకు హాయిగా ఉండేలా ఒకటి కుట్టాలి.

కానీ రమ్మంటావో వద్దంటావో నువ్వే చెప్పు. రేపు పొద్దున ఆఫీసుకెళ్తూ ఈ సంచి తెచ్చే మన పక్కింటి రామకోటేశ్వరరావు గారు సాయంత్రం తిరిగొస్తూ మళ్లీ మీ ఇంటికొస్తారు, ఒక్క ముక్క రాసి ఆయన చేతికివ్వు. వద్దంటే బస్సెక్కను. ఈసారి నీ బదులు నేను జవాబు చెప్పను.

ఇట్లు,
నీ మాట కోసం కూర్చున్న
అమ్మ