మల్లేశం చేయి మానింది

1996 జూలై, మంగళవారం. పాశమైలారం.

మూడు వారాల కింద మల్లేశం, యాదయ్య ఒకే ఇనుప రేకు మోస్తుంటే ఇద్దరి అరచేతులూ తెగాయి. ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సుగా ఇద్దరికీ నేనే ఒకే మందు వేసి కట్టు కట్టాను. యాదయ్యది పది రోజుల్లో మానింది. మల్లేశం చేయి మాత్రం ఎర్రగా వాచి అలాగే ఉండిపోయింది. పరీక్ష చేయిస్తే షుగర్ లేదన్నారు.

"నిద్ర మంచిగ పడ్తుందా?" అని పోయిన వారం సోమవారం మల్లేశాన్ని అడిగాను.

"యాడ నిద్ర సిస్టరమ్మా? దెబ్బ తగిలిన కాడి నుంచి నైట్ షిఫ్టే. పగలు పంటే ఇల్లు ఉడుకుతది. బిడ్డకు జ్వరమని పరేషాన్ వేరే. చెయ్యి పోతే నన్నెవరు పనిల పెట్టుకుంటరు?"

నిద్ర లేకపోయినా, దిగులున్నా ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుందని, వాపు తొందరగా దిగదని డాక్టరుగారు చెప్పారు. వెళ్లి సూపర్‌వైజర్‌ను పగటి షిఫ్టు అడిగాను. "పుండుకు, నిద్రకు ఏం సంబంధమమ్మా?" అని నవ్వాడు, కానీ ఇచ్చాడు.

ఈరోజు కట్టు విప్పితే వాపు దిగింది. గాయం అంచులు దగ్గరపడ్డాయి. రాత్రిళ్లు నిద్ర పడుతోందట, బిడ్డకు జ్వరం కూడా తగ్గిందట.

"ఏం మందు మార్చిన్రు సిస్టరమ్మా?" అన్నాడు మల్లేశం. పాత మందే అంటే నమ్మలేదు.

నిద్ర వల్లనా, బిడ్డకు జ్వరం తగ్గినందుకా, లేక మానే సమయం వచ్చి మానిందా? తెలియదు. రేపటి నుంచి కట్టు కట్టేటప్పుడు ప్రతి ఒక్కరినీ నిద్ర గురించి కూడా అడగాలి.