నీలం పెన్సిల్ ఇంటికి రాలేదు

అక్కా, నేను బాగున్నాను, బెంగపడకు. సొంత దువ్వెనే దొరకనిది, బడిపిల్లల్ని ఎలా చక్కబెడుతుందా అనేగా నీ దిగులు?

సాయంత్రం బడి వదిలే ముందు మేం రంగు పెన్సిళ్లను నిద్రపుచ్చుతాం. జోలపాట పాడుతూ ఏ రంగువి ఆ డబ్బాలో పడుకోబెడుతుంటే గదంతా మబ్బులా మెత్తబడుతుంది. నిన్న నీలం పెన్సిల్ ఒకటి కనబడలేదు. వెతికి వెతికి మూత పెట్టబోతే, పిచ్చుక అని మేం పిలిచే పాప నా చెయ్యి పట్టుకుంది. "మూసెయ్యకండి టీచర్, పాపం అదొచ్చి బయటే ఉండిపోతుంది."

తెరిచే ఉంచాం. పొద్దున్న చూస్తే డబ్బాలో పడుకుని ఉంది! ఎవరు తెచ్చారని నేను అడగలేదు.

నీ పాత గుండీలన్నీ పంపు, కూడికలు ఆడించాలి. అమ్మకు దగ్గు తగ్గిందా? చంటాడికి ముద్దులు.

సెలవులకు వస్తాను. అందాకా మన గది తలుపు ఓరగా తీసే ఉంచు.

నీ చెల్లి