జాతకాలు కలవలేదట

కృష్ణానగర్

బంగారంలాంటి మా అమ్మకు,

ఫోన్ చేస్తే కూర మాడిపోతోందంటూ పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

ఫిల్మ్‌నగర్‌లో మా స్టూడియోకి ఒక ఇంగ్లీషు సీరియల్ డబ్బింగుకు వచ్చింది. తెలుగు మాటలు రాసేది నేనే. అందులో ఒకమ్మాయి, తనను ప్రేమించినవాడితో "ఇట్స్ నాట్ యూ, ఇట్స్ మీ" అంటుంది. వద్దని మొహం మీద చెప్పలేక, తప్పు తన మీద వేసుకుని జారుకోవడానికి అక్కడివాళ్ళు వాడే మాట. "లోపం నీలో లేదు, నాలో ఉంది" అని రాశాను. ఆ పాత్రకు గొంతు ఇచ్చే నవత మైకు ముందు చదివి ఆగిపోయింది. "ఏందక్కా, గిట్ల ఎవరన్నా మాట్లాడుతరా? మన దిక్కు వద్దనాలంటే జాతకాలు కలువలేదంటరు, ఖతం!" అంది. అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చావు.

నిరుడు సుహాస్ వాళ్ళు నన్ను చూసి వెళ్ళాక నువ్వు అన్నది ఆ మాటే. "జాతకాలు కలవలేదటే" అన్నావు. నమ్మాను. కానీ అమ్మా, నాకు జాతకం ఎక్కడిది? నమ్మకం లేదని నాన్న రాయించనే లేదు. నేను పుట్టింది తెల్లవారుజామునో, పొద్దెక్కాకో నీకే సరిగా గుర్తులేదు. లేని జాతకం ఎలా కలవకుండా పోయింది?

నవత మాట విన్నప్పటినుంచి కుదురు లేదు. రాయడానికి కూర్చుంటాను, లేస్తాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడిచి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తాను. నా రంగు నచ్చలేదా? గట్టిగా నవ్వాననా? అతను నాకు నచ్చాడమ్మా. నీకు చెప్పలేదు గానీ చాలా నచ్చాడు. నెలాఖరు ఆదివారం ఇంకెవరో చూడ్డానికి వస్తారని రమ్మంటున్నావు. సుహాస్ వాళ్ళు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తేనే వస్తాను.

నీ మీద అలిగిన,
గీతిక


తెనాలి

మా గీతమ్మకు అమ్మ ఆశీస్సులు.

నీ రంగుకేం, నవ్వుకేం? వాళ్ళకు నువ్వు నచ్చావు. ముహూర్తాలు పెట్టించమన్నారు కూడా. కాకపోతే సుహాస్ వాళ్ళమ్మ ఫోన్ చేసి, "పెళ్ళయ్యాక ఆ సినిమావాళ్ళ పని మానిపించెయ్యండి వదినగారూ, మావాడి మాట కూడా అదే" అంది. నీకు చెబితే మానేస్తావని భయం వేసింది. అతని పేరెత్తితే నీ మొహం ఎలా వెలిగిపోయేదో నేను చూడలేదనుకున్నావా? పెళ్ళికి ముందు నేనూ బడిలో పాఠాలు చెప్పాను. ఇష్టంగానే మానేశాను. ఇప్పటికీ బడి గంట వినపడితే చేతిలో పని ఆగిపోతుంది. అందుకే, మీ నాన్నకైనా చెప్పకుండా, "జాతకాలు కలవలేదండీ" అని వాళ్ళతో నేనే అనేశాను. ఆ నోటితోనే నీకూ చెప్పాను. ఆ మాటన్నాక ఎందుకని ఎవరూ అడగరు. ఆవిడా అడగలేదు. నువ్వూ అడగవనుకున్నాను.

తిట్టాలనుంటే వచ్చి తిట్టు.

అమ్మ,
లీలాకుమారి


కృష్ణానగర్

అమ్మా, నా పిచ్చి తల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత పట్టరాని కోపం వచ్చింది. ఇన్ని రోజులూ అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టుకున్నాను, తెలుసా? అప్పుడే నువ్వు నన్ను అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. నువ్వు భయపడ్డట్టు పని మానేసేదాన్నేమో. మానేసి ఏడ్చేదాన్నేమో. ఆ ఏడుపైనా నాదయ్యేది కదమ్మా.

నిన్న ఆ డైలాగు మళ్ళీ రాశాను. "నువ్వు మంచివాడివే. నాకే వద్దు." నవత ఒక్క టేకులో చెప్పేసి, "గిదీ మాటంటే" అంది.

సుహాస్ నంబరు పంపు. పని మానమన్నది అతని మాటో, వాళ్ళమ్మ మాటో అతన్నే అడుగుతాను. నువ్వు నా తరఫున చెప్పినట్టే ఆవిడా అతని తరఫున చెప్పిందేమో, ఎవరికి తెలుసు? అతనూ మానమంటే, వద్దన్న మాట ఈసారి నేనే చెబుతాను.

ఆదివారం మాత్రం ఆ కొత్తవాళ్ళను రావద్దను. ఏం చెప్పాలంటావా? మా అమ్మాయికే ఇప్పుడు వద్దట అని చెప్పు. జాతకాల మాట ఎత్తావంటే ఊరుకోను.

కోపం తగ్గని, ప్రేమ తగ్గని,
నీ గీతిక