ఎలుకల బరువు, అక్క బరువు

జూన్ 16, సోమవారం
మళ్ళీ తూకాలు. మాస్కు, గ్లౌజులు, చెమట. పటమటలో ఇంటికొచ్చి తలంటుకున్నా జుట్టులోంచి ఆ వాసన పోదు. హెచ్‌ఐవీ మందు పట్టిస్తున్న ఎలుకలు ఈ వారమూ బరువెక్కాయి, ఆడవి మరీ. మందు లేనివి ఎప్పటిలాగే ఉన్నాయి. థీసిస్‌కి మంచిదే అన్నారు మా గైడు సార్. మంచిదే కాబోలు... నాకేమీ అనిపించడం లేదు. ఒళ్ళు నొప్పులు తప్ప.

జూన్ 22, ఆదివారం
పామర్రు వెళ్ళాను. మార్కెట్టులో చేపల బుట్టల వెనక అక్క. దూరం నుంచి గుర్తుపట్టలేకపోయాను — చేతులు నిండాయి, మెడ కింద మడత పడింది. పోయినేడు ఆసుపత్రిలో అక్కకి మందు మార్చారు. నేను రోజూ ఎలుకల గొంతులో పోస్తున్నదీ అదే. ఆ మందేమిటో అక్కకి తెలుసు, అమ్మకి తెలుసు, నాకు తెలుసు. కాలేజీలో ఎవరికీ తెలియదు.
నా చూపు చూసి, దిష్టి పెట్టకే అంది.
ఇంటికి నడుస్తుంటే కాలవ వంతెన మీద ఆగిపోయింది. మోకాళ్ళట. ఖాళీ బుట్ట నేనందుకున్నాను.

జూన్ 30
తూకాలు. పెరిగాయి.

జూలై 6, ఆదివారం
అక్కకి మందు సంగతి చెప్పేశాను. ఆ బిళ్ళతో ఒళ్ళొస్తుందనీ, మా ఎలుకలకీ అలాగే వస్తోందనీ, షుగర్ చూపించుకుంటే మంచిదనీ. అయినా బిళ్ళ మాత్రం మానొద్దని రెండు మూడు సార్లు చెప్పాను. అక్క బొచ్చె చేప పొలుసు గీకుతూనే వింది. కత్తి ఆపలేదు.
"మీ బావ చనిపోయిన ఏడు నేనెలా ఉన్నానో గుర్తుందా? పుల్లలా. నా చేతి చేప ఒక్కరన్నా కొన్నారా? బుట్టకి బుట్టా ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు నన్ను చూసి ఎవరూ ఏమీ అనుకోవట్లా. ఈ ఒళ్ళు నాకు కావాలే."
తర్వాత చింతపండు నేను పిసికాను. పులుసు బాగా కుదిరింది. తిన్నాను.

జూలై 14
ఎలుకల పని అయిపోయింది. అంటే... అన్నిటినీ మత్తిచ్చి చంపి, లోపల చూడాలి. చూశాను. మందు తాగినవాటి పొట్టల్లో తెల్లటి కొవ్వు, పేగుల చుట్టూ. ఒకటి, తోక మీద నీలం గుర్తున్నది, మత్తెక్కేదాకా నా వేలు పట్టుకునే ఉంది. సార్ ఫొటోలు బాగా వచ్చాయన్నారు. క్యారేజీ విప్పకుండానే ఇంటికి తెచ్చాను.

జూలై 15
సెలవు పెట్టాను. ఫ్యాను కింద పడుకున్నాను. అంతే.

జూలై 21, సోమవారం
నిన్న అక్కే ఫోన్ చేసింది — బుట్ట ఎత్తుకుంటే ఆయాసం వస్తోందే, వస్తాను అని. ఇవాళ బెజవాడ వచ్చింది. ఆసుపత్రిలో రక్తం తీశారు. షుగర్ మొదలైందట. డాక్టరుగారు మంచాయన, కోప్పడలేదు. కావాలంటే పాత మందుకి మారుద్దామమ్మా, ఆలోచించుకుని వచ్చే నెల చెప్పు, అప్పటిదాకా ఇదే వేసుకో, ఒక్క రోజు కూడా ఆపకు అన్నారు. పాత మందుతో అక్కకి పీడకలలు. నిద్రలో లేచి కేకలు పెట్టేది. ఆ సంగతి ఆయనకి చెప్పింది గానీ, మార్చమనీ అనలేదు, వద్దనీ అనలేదు.
బస్టాండులో కూర్చున్నాం. జామకాయ కొనిచ్చాను, షుగరుకి మంచిదని. సగం తిని నా చేతిలో పెట్టింది.
"నీ ఎలుకలకి మందు మార్చాక మళ్ళీ తగ్గాయా?"
మార్చి చూడలేదక్కా అన్నాను.
"మరి చూడొచ్చుగా."
ఒక్క ఎలుకా మిగల్లేదు చూడటానికి. ఆ మాట అనలేదు.
పామర్రు బస్సు వచ్చింది. మెట్టెక్కడానికి కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడింది. నేను వెనక నుంచి చెయ్యి వేశాను. బరువుగా ఉంది అక్క. వెచ్చగా ఉంది.